కడప నుంచి కువైట్‌కు: 18 వీసానా, 20 వీసానా? పోయేముందు ఏమేం చూసుకోవాల

పెన్నా_గట్టు:
అన్నలూ, అక్కలూ, మా ఇంటి నుంచి ఇద్దరు కువైట్ పోవాలని ఉండారు. ఒకడు టెన్త్ తప్పినాడు. ఇంటి డ్రైవర్ పని, 20 వీసా అంటాండారు. ఇంకొకడు డిగ్రీ. సిటీలో క్యాటరింగ్ కంపెనీలో స్టోర్ కీపర్, 18 వీసా. ఏజెంటేమో "రెండూ ఒకటే, ఆడికి పోయినాక యాడికంటే ఆడికి మార్చుకోవచ్చు" అంటాడు. నిజమేనా? కాగితంలో ఏం చూడాల, ఎంత లెక్క (డబ్బు) కట్టాల, రూము ఎట్ల, ఆడ చట్టం ఏమంటాది? పైపైన కాకుండా వివరంగా చెప్పండి.

ఇరవయ్యో_నంబరు:
రెండూ ఒకటే అన్నాడంటే ఆ ఏజెంటుతో జాగ్రత్తగా ఉండాల. కువైట్‌లో నీ బతుకంతా ఆ నంబరు మీదనే నడుస్తాది.

18 అంటే ప్రైవేటు కంపెనీ. మనోళ్లు షూన్ వీసా అంటారు (షూన్ అంటే ఆడి కార్మిక శాఖ). దీనికి 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తాది. 20 అంటే ఇంటి పని: డ్రైవరు, వంటమనిషి, ఆయా, తోటమాలి. ఇది ఖాదిం వీసా. దీనికి చట్టమే వేరు, 2015 నాటి 68వ నంబరుది. పని గంటలు, జీతం, సెలవు, చివర్లో వచ్చే లెక్క అన్నీ వేరువేరు. 17 ప్రభుత్వ ఉద్యోగం, 22 కుటుంబం, వాటి సంగతి మీకొద్దు.

20 నుంచి 18కి మారడం మామూలు రోజుల్లో కుదరదు. ప్రభుత్వం ఎప్పుడైనా ఒక గడువు పెట్టి తలుపు తీస్తాది. 2024లో జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 దాకా తీసినారు. అప్పుడు కూడా ఇప్పుడున్న సేఠ్ (యజమాని) దగ్గర ఏడాది పని చేసుండాల, ఆయన ఒప్పుకోవాల, 50 దినార్ల ఫీజు కట్టాల. మళ్లీ ఎప్పుడు తీస్తారో, అసలు తీస్తారో లేదో ఎవరి చేతుల్లోనూ లేదు. దాన్ని నమ్ముకోని 20 మీద పోయి, బయట హోటల్లో పని చేస్తే పట్టుకున్న రోజే డిపోర్ట్.

ఇక "ఆజాద్ వీసా" అని అమ్ముతారే, అట్లాంటి వీసా కువైట్ చట్టంలో లేదు. ఎవరో కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు మీద తీసుకోని, నెలనెలా ఆయనకు లెక్క కడతా బయట పని చేసుకోమంటారు. వాళ్ల కాగితం ప్రకారం నీ కఫీల్ దగ్గర తప్ప యాడ పని చేసినా నేరమే.

రాజంపేట_ప్యాసింజర్:
ఈ పక్క పని నేను చెప్తా. ఇద్దరికీ దారి వేరు.

టెన్త్ తప్పినోడిది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి పోయేముందు మన ప్రభుత్వ క్లియరెన్స్ కావాల్సినది. కువైట్ ఈసీఆర్ దేశాల జాబితాలో ఉంది కాబట్టి ఈ-మైగ్రేట్ (మన విదేశాంగ శాఖ సైట్) క్లియరెన్స్ లేకుండా ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దాటనియ్యరు. డిగ్రీ ఉన్నాయనకు ఇది అక్కర్లేదు. కానీ ఆయన పాస్‌పోర్టు టెన్త్ కాకముందు తీసుకున్నదైతే ఈసీఆర్ ముద్ర అట్లనే ఉంటాది. సర్టిఫికెట్ పెట్టి రీ-ఇష్యూ చేయించుకుంటే పోతాది. కడప హెడ్ పోస్టాఫీసులో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది గదా, ఆడనే అవుతాది. మామూలు ఫీజు 1,500, తత్కాల్‌కు ఇంకో 2,000.

ఈ-మైగ్రేట్‌లో వరస ఇది:
ఏజెంటు లైసెన్స్ నంబరు అడుగు. సైట్‌లో కొట్టి చూడు. యాక్టివ్ అని ఉందా, సస్పెండ్ అని ఉందా, గడువు తీరిందా అన్నీ కనపడతాయి. చాలామంది చెప్పే పేరు హైదరాబాద్ ఏజెన్సీది, లెక్క తీసుకునేది మాత్రం మన ఊరి సబ్ ఏజెంటు. సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటు లేదు. రేపు తేడా వస్తే ఆ ఏజెన్సీ "ఆయనెవరో మాకు తెల్దు" అంటాది.
తర్వాత యజమాని వైపు నుంచి డిమాండ్ (మనుషులు కావాలనే కాగితం), కాంట్రాక్ట్ అదే సైట్‌లోకి ఎక్కాల. జీతం, పని పేరు, గంటలు, తిండి, వసతి అందులో ఉంటాయి. దాన్ని ప్రింట్ తీసుకోని ఒక కాపీ ఇంట్లో పెట్టండి.
ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయించాల. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనికి రాకుండా పోయినా 10 లక్షలు. మనోళ్లు ఈ కాగితాన్ని సూట్‌కేసులో పెట్టుకోని పోతారు. నామినీ ఇంట్లో ఉంటే కాగితం ఆడ ఉండి ఏం లాభం? కాపీ ఇంట్లో ఉండాల.
పోయేముందు ఒక రోజు శిక్షణ ఉంటాది. తప్పకుండా పోండి.

లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ ఛార్జీ 30,000. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. రసీదు ఇయ్యాల.

కారందోసె:
అన్నా, 35,400కి పంపించే ఏజెంటును నాకు కూడా చూపించు, దండం పెడతా. ఈడ అందరూ లక్షల్లోనే కడతాండారు.

రాజంపేట_ప్యాసింజర్:
కడతాండారు, కాదనలే. ఆ పైన కట్టేదాన్ని "వీసా ఖర్చు" అంటారు. ఇంటి పనివాళ్ల వీసా ఖర్చు భరించాల్సింది కువైట్ యజమాని. అంటే ఆయన కట్టినదాన్నే మన దగ్గర రెండోసారి లాగుతాండారు. ఇయ్యక తప్పదు అనుకుంటే చేతికి ఇయ్యొద్దు, బ్యాంకు ద్వారా ఏజెన్సీ పేరు మీదే పంపండి. ఆ ఒక్క మాటతోనే సగం మంది వెనక్కి తగ్గుతారు.

ఇంకో పద్ధతి ఉంది, దాంట్లోకి అసలు దిగొద్దు. ఈసీఆర్ వాళ్లను విజిట్ వీసా మీద దుబాయ్ పంపి, ఆడి నుంచి కువైట్ ఎక్కిస్తారు. ఈ-మైగ్రేట్‌లో పేరుండదు, బీమా ఉండదు, కాంట్రాక్ట్ ఉండదు. ఏదన్నా అయితే ఎంబసీ వాళ్లకు నువ్వు ఏ యజమాని దగ్గర ఉండావో కూడా తెలీదు.

గండికోట_గాలి:
మెడికల్ గురించి ఎవరూ చెప్పలే. గల్ఫ్ మెడికల్ ఇప్పుడు వాఫిద్ సైట్‌లో బుక్ చేయాల (ముందు గామ్‌కా అనేవాళ్లు). మామూలు బుకింగ్‌లో సెంటర్ మనం కోరుకున్నది రాదు, సైటే కేటాయిస్తాది. రక్తంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ చూస్తారు. ఛాతీ ఎక్స్‌రే చూస్తారు. ఎక్కువమంది తప్పేది ఎక్స్‌రేలోనే. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గిపోయినా ఊపిరితిత్తుల మీద మచ్చ ఉంటే అన్‌ఫిట్ రాస్తారు. మందులు మింగినా ఆ మచ్చ పోదు. అందుకే ఏజెంటుకు రూపాయి ఇయ్యకముందే కడపలోనే ఒక ఎక్స్‌రే, హెపటైటిస్ పరీక్ష సొంతంగా చేయించుకోండి. కొన్ని వందల్లో తేలిపోతాది. ఏజెంటుకు కట్టినాక అన్‌ఫిట్ వస్తే లెక్క వెనక్కి రాదు.

కువైట్‌లో దిగినాక ఇంకోసారి మెడికల్ ఉంటాది. ఈడ ఎవరినో పట్టుకోని ఫిట్ అని రాయించుకున్నా, ఆడ దొరికితే అటునుంచి అటే ఇంటికి.

పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు సేవా సైట్‌లోనే, ఫీజు 500. ఇప్పుడుండే అడ్రస్, పాస్‌పోర్టు అడ్రస్ వేరైతే స్టేషన్ విచారణ రెండు చోట్లా పడి ఆలస్యం అవుతాది. డిగ్రీ ఆయన పనికి సర్టిఫికెట్ అడిగితే రాష్ట్రం, తర్వాత ఢిల్లీలో విదేశాంగ శాఖ, తర్వాత కువైట్ ఎంబసీ, ఈ వరసలో ముద్రలు పడాల. కువైట్ అపోస్టిల్ (ఒకే ముద్రతో సర్టిఫికెట్‌ను వేరే దేశాలు ఒప్పుకునే) ఒప్పందంలో లేదు కాబట్టి వట్టి అపోస్టిల్ చేయించుకోని "అయిపోయింది" అనుకోవద్దు.

పేరు ఒక్క అక్షరం కూడా తేడా ఉండకూడదు. మన దగ్గర సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటాది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటాది. ముస్లిం పేర్లలో షేక్ ముందుందా వెనకుందా అని చూస్తారు. వీసాలో పేరు పాస్‌పోర్టును బట్టి పడాల. అది సరిపోయిందా అని చూసినాకనే స్టాంపింగ్‌కు (పాస్‌పోర్టులో వీసా వేయించను) ఇయ్యండి.

మాలియా_మూల:
వీసా కాగితంలో ముఖ్యమైన మాటలు అరబ్బీలో ఉంటాయి. మన కడపలో అరబ్బీ చదివేవాళ్లకు కొదవ లేదు. మసీదులో మౌల్వీసాబును అడిగితే రెండు నిమిషాల్లో చదివి చెప్తారు. చూడాల్సింది పని పేరు. "సాయిఖ్" అంటే డ్రైవర్, "తబ్బాఖ్" వంటమనిషి, "ఆమిల్" కూలీ, "ముజారి" రైతు కూలీ, "రాయీ అగ్నాం" గొర్రెల కాపరి. ఏజెంటు డ్రైవర్ అని చెప్పి కాగితంలో రాయీ అని ఉంటే ఆ మనిషి పోయేది సిటీకి కాదు, ఎడారిలో షెడ్డుకి. అది 18 వీసా మీద కూడా వస్తాది, 18 అని ఉంది గదా అని నిమ్మళంగా ఉండొద్దు.

ఇక ఊరు. కువైట్ సిటీ అంటే సముద్రం అంచున ఉండే రాజధాని. గల్ఫ్ రోడ్డు పట్టుకోని పోతే పార్లమెంటు భవనం, అమీర్ దర్బారు ఉండే సీఫ్ ప్యాలెస్, కువైట్ టవర్లు అన్నీ ఒకే ఒడ్డున వరసగా ఉంటాయి. ఇంకా ముందుకు పోతే దయ్యా దగ్గర డిప్లొమాటిక్ ఎన్‌క్లేవ్. మన ఎంబసీ కూడా అందులోనే, గల్ఫ్ రోడ్డు పక్కనే. నగరం నడుమ నుంచి బయటికి అర్ధచంద్రాల మాదిరి ఫస్ట్ రింగ్, సెకండ్ రింగ్ అంటా రోడ్లు. ఎవరన్నా అడ్రస్ చెప్తే ఏ రింగ్ లోపల, ఏ బ్లాక్, ఏ వీధి, ఏ బిల్డింగు, ఈ నాలుగే. బిల్డింగు గోడ మీద పాసీ (సివిల్ ఐడీ కార్డులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) నంబరు పలక ఉంటాది. ఆ నంబరును కువైట్ ఫైండర్ యాప్‌లో కొడితే నేరుగా గుమ్మం ముందుకు తీసుకుపోతాది. కొత్తగా పోయిన డ్రైవర్‌కు ఇది తెలిస్తే సగం తిట్లు తప్పుతాయి.

మంత్రిత్వ శాఖలు, ఎంబసీలు, ప్యాలెస్‌లు, పోలీసు, మిలిటరీ చోట్ల ఫోటో, వీడియో తీయొద్దు. రీల్స్ పిచ్చి ఉన్నోళ్లకు మరీ మరీ చెప్పండి. ఊరేగింపులు, గుంపులు కూడా విదేశీయులకు నిషేధం. 2022 జూన్‌లో ఫహాహీల్‌లో గుంపుగా నిరసన చేసిన విదేశీయుల్ని పట్టుకోని డిపోర్ట్ చేస్తామని ప్రకటించినారు. మన పార్టీ జెండాలు పట్టుకోని నాయకుల పుట్టినరోజులకు బైక్ ర్యాలీలు మన ఆర్టీసీ బస్టాండు కాడ పెట్టుకోండి, ఆడ వద్దు. అనుమతి లేకుండా చందాలు వసూలు చేసినా కేసే.

శుక్ర, శని సెలవులు. ఆఫీసులు, ఎంబసీ ఆదివారం నుంచి గురువారం దాకా. మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇంట్లోవాళ్లు పొద్దున ఆరింటికి ఫోన్ చేస్తే ఆడ మూడున్నర, పాపం.

పెన్నా_గట్టు:
రూము సంగతి చెప్పన్నా. కంపెనీ వసతి ఇస్తాదంట, వద్దంటే అలవెన్స్ ఇస్తాదంట.

మాలియా_మూల:
మనోళ్లు ఎక్కువ ఉండేది ఫర్వానియా, ఖైతాన్, జలీబ్ (అబ్బాసియా అంటారు), మహబూలా, మంగాఫ్, ఫహాహీల్. పని సిటీలో అయితే మాలియా, మిర్గాబ్ దగ్గరే బస్సులు దొరుకుతాయి. మహబూలా, మంగాఫ్ దక్షిణంగా దూరం. బాడుగ తగ్గుతాది, పొద్దున ట్రాఫిక్‌లో టైము పోతాది.

రూముకు పోతే బాడుగ అడగకముందే తలుపులు చూడండి. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికుల బిల్డింగు కాలి 45 మంది మన దేశస్థులు పోయినారు. కింద కాపలా మనిషి గదిలో కరెంటు షార్ట్ సర్క్యూట్. లోపల గదుల మధ్య అట్టలు, చెక్కలతో కట్టిన అడ్డుగోడలు కాబట్టి మంట ఆగలే. మిద్దె మీది తలుపుకు తాళం. కాబట్టి చూడాల్సినవి: మిద్దె తలుపు తీసి ఉందా, మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు పెట్టినారా, గదిని ప్లైవుడ్‌తో ముక్కలు చేసినారా, ఒకే ప్లగ్గుకు నాలుగు కుక్కర్లు ఉండాయా. ప్లైవుడ్ గది ఉంటే ఎంత చౌకైనా వద్దు.

రూము మారితే సివిల్ ఐడీలో అడ్రస్ 30 రోజుల్లో మార్పించాల. బిల్డింగు పడగొట్టినా, ఓనరు "ఈ మనిషి ఈడ లేడు" అని రాసిచ్చినా పాసీ వాళ్లు అడ్రస్ తీసేస్తారు. జరిమానా 100 దినార్ల దాకా ఉంటాది. బాడుగ రసీదు అడగండి. ఇయ్యనంటే ఆ రూములో నీ పేరు మీద అడ్రస్ ఎక్కదు.

ఇకామా (ఆడ ఉండేదానికి అనుమతి) ముద్ర పాస్‌పోర్టులో 2019 నుంచి వేయడం లేదు. నువ్వు చట్టంగా ఉండావని చూపించేది బతాకా (సివిల్ ఐడీ కార్డు) ఒక్కటే. సహెల్ యాప్ (ప్రభుత్వ సేవలది), కువైట్ మొబైల్ ఐడీ రెండూ మొదటి వారంలోనే నీ సొంత నంబరు మీద తెరువు. సేఠ్ కొడుకు నంబరు మీదో, మందూబ్ (కంపెనీ కాగితాల పని చూసే మనిషి) నంబరు మీదో తెరిస్తే నీ ఓటీపీలు వాళ్లకు పోతాయి. సంతకాలు కూడా వాళ్లే పెట్టుకోవచ్చు.

స్టీరింగ్_భాయ్:
డ్రైవర్ తమ్మునికి నాలుగు మాటలు. మన లైసెన్స్ ఆడ పనికి రాదు, కువైట్ లైసెన్స్ పరీక్ష రాసి, నడిపి చూపించి తీసుకోవాల. అది చేతికి వచ్చేదాకా సేఠ్ ఎంత చెప్పినా బండి బయటికి తీయొద్దు. దొరికితే డిపోర్ట్ అయ్యేది నువ్వు. స్టీరింగ్ ఎడమ పక్క, బండి నడిచేది రోడ్డుకు కుడి పక్క. రౌండబౌట్లో లోపల తిరిగే బండికే దారి. మనోళ్లు దూరిపోయేది ఆడనే.

2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త జరిమానాలు: సెల్ పట్టుకోని నడిపితే 75 దినార్లు, రెడ్ సిగ్నల్ దాటితే 150, బెల్టు పెట్టకపోతే 30. మేడం ఫోన్ చేసిందని ఎత్తినా అంతే, కెమెరాకు మేడం ఎవరో తెల్దు. ఒక్క రెడ్ సిగ్నల్‌తో నెల జీతం పోయె. జరిమానా ఎవరు కట్టాల అనేది ముందే మాట్లాడుకోవాల. జరిమానాలు బాకీ ఉంటే ఎయిర్‌పోర్టులో కట్టకుండా విమానం ఎక్కనియ్యరు. సెలవుకు వచ్చే వారం ముందే సహెల్‌లో చూసుకోండి.

ఎండాకాలం బండిని అద్దాలు మూసి ఎండలో పెట్టి పోతే లోపల గ్యాస్ లైటర్, సెంటు సీసా పేలుతాయి. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు కొలిచినారు. మన కడప ఎండ తట్టుకున్నోడికి అదేం లెక్క అనుకోవద్దు. ఆగస్టులో సముద్రం పక్కన తేమ కలుస్తాది, చెమట ఆరదు. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు బయట ఎండలో పని చేయించడం నిషేధం. డిసెంబర్, జనవరి రాత్రుల్లో చలి కోస్తాది. ఒక స్వెట్టరు పెట్టుకో.

పాలకొండ_అక్క:
ఆడవాళ్లు పోయే ఇళ్లకు కూడా పనికొచ్చేటట్టు 68వ నంబరు చట్టం సంగతి చెప్తా. డ్రైవర్‌కు కూడా ఇదే.

రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో 30 రోజులు. తిండి, వసతి, వైద్యం యజమానిదే. జీతం 60 దినార్లకు తగ్గకూడదు. మన ఎంబసీ పెట్టే కనీస జీతం దానికంటే ఎక్కువ, ఈ-మైగ్రేట్ కాంట్రాక్ట్‌లో అదే పడాల. జీతం ఆలస్యం చేస్తే నెలకు 10 దినార్లు అదనంగా ఇయ్యాల. కాంట్రాక్ట్ ముగిస్తే ఏడాదికి ఒక నెల జీతం చొప్పున చేతికి రావాల. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు, బతాకా దాచిపెట్టుకోకూడదు.

చట్టంలో ఇంత బాగుంది. తేడా యాడ వస్తాదంటే రుజువు దగ్గర. జీతం చేతికి ఇచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. ఆ కాగితంలో "మూడు నెలల జీతం ముట్టింది" అని అరబ్బీలో ఉంటాది, ఇచ్చింది మాత్రం ఒక నెలది. బ్యాంకులోకి వేయమని అడగండి. కుదరకపోతే ఇంటికి పంపిన ఎక్స్ఛేంజ్ రసీదులు నెలనెలా ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. ఏ నెల ముట్టింది, ఏ నెల ముట్టలేదు అనేది వాటితోనే తేలుతాది.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటి పనికి పోయే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాల. 2016 నుంచి ప్రైవేటు ఏజెంట్లు వాళ్లను పంపకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాల. మన రాష్ట్రంలో ఓంక్యాప్. ఊళ్లో ఏ ఏజెంటన్నా "అక్కా, నేను పంపిస్తా" అంటే ఆయన చేసేది చట్టం కాని పని. మళ్లీ మాట్లాడొద్దు.

కారందోసె:
18 ఆయనకు చివర్లో ఎంత వస్తాది? అందరూ తలా ఒక మాట చెప్తాండారు.

లెక్కల_మాస్టారు:
సూత్రం ఒకటే, వేసి చూపిస్తా. నెల జీతం 130 దినార్లు అనుకుందాం. రోజు జీతానికి 30తో కాకుండా 26తో భాగించాలి: 130 ÷ 26 = 5 దినార్లు.

మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం: 15 × 5 × 5 = 375. ఐదేళ్లు దాటిన ప్రతి ఏడాదికీ ఒక నెల: ఏడేళ్లు చేస్తే 2 × 130 = 260. మొత్తం 635. మొత్తం మీద ఏడాదిన్నర జీతానికి మించదు.

కంపెనీయే తీసేస్తే 635 పూర్తిగా. తానే రాజీనామా చేస్తే: మూడేళ్లలోపు ఏమీ రాదు, మూడు నుంచి ఐదేళ్ల మధ్య సగం, ఐదు నుంచి పదేళ్ల మధ్య మూడింట రెండు వంతులు, పదేళ్లు దాటితే పూర్తిగా. అంటే ఏడేళ్లకు రాజీనామా చేస్తే 423 దినార్ల 333 ఫిల్సులు (దినారుకు 1000 ఫిల్సులు). నాలుగేళ్ల పదకొండు నెలలకు విసుగొచ్చి కాగితం పెట్టేవాళ్లు ఎంతమందో. ఇంకొక్క నెల ఆగితే సగం కాస్తా మూడింట రెండు వంతులు అవుతుంది. నెల జీతగాడు మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, లేకుంటే ఆ మూడు నెలల జీతం కోసుకుంటారు.

ఓవర్‌టైమ్: రోజుకు 8 గంటలు, వారానికి 48 మామూలు పని. గంట జీతం 130 ÷ 26 ÷ 8 = 625 ఫిల్సులు. అదనపు గంటకు 25 శాతం కలిపి 781. వారపు సెలవున చేస్తే సగం అదనం, ఇంకో రోజు సెలవు కూడా. పండగ సెలవున చేస్తే రెట్టింపు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ లెక్కలన్నీ వర్క్ పర్మిట్‌లో (ఇజ్న్ అమల్) రాసిన జీతం మీదే మొదలవుతాయి. చేతికి 130 ఇస్తూ పర్మిట్‌లో కనీస జీతం 75 రాసే కంపెనీలు ఉన్నాయి. అప్పుడు మిగతా 55కు బ్యాంకు స్టేట్‌మెంటే రుజువు. జీతం బ్యాంకులో ఎంత పడుతోందో నెలనెలా చూసుకోవాలి.

2025 జూలై 1 నుంచి 18 వీసా వాళ్లు దేశం దాటాలంటే ఎగ్జిట్ పర్మిట్ కావాలి. సహెల్‌లోనో, షూన్ వాళ్ల అష్‌హల్ పోర్టల్‌లోనో పెట్టుకుంటే కంపెనీ ఒప్పుకోవాలి. టికెట్ కొన్నాక కాదు, ముందు. 18 వాళ్లు సెలవు మీద ఇంటికి వచ్చి ఆరు నెలలు దాటితే ఇకామా పోతుంది, ఇది కూడా గుర్తుంచుకోండి.

ఇరవయ్యో_నంబరు:
ఇక తిరగబడితే ఏం చేయాల అనేది. సేఠ్ కొడతాడు, జీతం ఇయ్యడు అని రాత్రికి రాత్రి గోడ దూకి ఫ్రెండ్ రూముకు పోవద్దు. పొద్దున్నే ఆయన పారిపోయినాడని కేసు పెడతాడు. నువ్వు ఖల్లివల్లి (కాగితం లేకుండా ఉండేవాడు) అయిపోతావు. ఆ ముద్ర పడినాక బతాకా ఆగిపోతాది, బ్యాంకు కార్డు కూడా. ఆయన రాయకముందే నీ ఫిర్యాదు పడాల. 18 వాళ్లు షూన్‌కు, 20 వాళ్లు షూన్‌లోనే ఇంటి పనివాళ్ల విభాగానికి. ఇల్లు వదలాల్సి వస్తే నేరుగా ఎంబసీకి పో. ఆడవాళ్లకు షెల్టర్ ఉంది, మీ తరఫున మాట్లాడేవాళ్లు, లాయరు సాయం ఉంటాయి. టాక్సీకి "సిఫారా హిందియా" అంటే చాలు, దించుతాడు.

ఈడ ఇంట్లోవాళ్లు మదద్ పోర్టల్‌లో (మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల సైట్) పెట్టాల. పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ నంబరు, యజమాని పేరు, ఉండే ప్రాంతం, బ్లాకు. ఈ వివరాలు లేక ఎన్నో ఫిర్యాదులు అట్లనే పడి ఉంటాయి. కాబట్టి మనిషి పోయిన మొదటి నెలలోనే బతాకా రెండు వైపులా ఫోటో ఇంటికి రావాల. ఆ 12 అంకెల నంబరును భార్య ఫోన్లోనే కాకుండా ఒక నోటుబుక్కులో కూడా రాసి పెట్టండి.

క్షమాభిక్ష కోసం ఎదురు చూస్తా ఏళ్లకేళ్లు ఖల్లివల్లిగా ఉండేవాళ్లు ఉండారు. 2018లో వచ్చింది, 2020లో వచ్చింది, 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 దాకా ఇచ్చినారు. వస్తాది గదా అని ముందే లెక్క వేసుకోని ఖల్లివల్లి కావడం బుద్ధి తక్కువ పని.

స్టీరింగ్_భాయ్:
సామాను: గసగసాలు తీసుకుపోవద్దు. మసాలా పొడిలో కలిపి ఉన్నా వద్దు. మనకు కూరలో దినుసు, గల్ఫ్‌లో అది మత్తు పదార్థాల కేసు. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు కూడా అంతే. రోజూ వేసుకునే మందుంటే డాక్టరు చీటీ, బిల్లు, మాత్రలు విడదీయకుండా అట్టతో. ఎవరో "మా వాడికి ఈ ఊరగాయ ఇయ్యి భాయ్" అంటే నీ ముందర విప్పించి, జాడీ అడుగు దాకా చూసినాక కూడా వద్దనే చెప్పు. మందు బాటిలు అసలు మాట్లాడొద్దు, 1964 నుంచి నిషేధం.

రాజంపేట_ప్యాసింజర్:
బ్యాంకు: పోయినాక ఈడుండే మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశంలో ఉండేవాళ్లు ఈడి రాబడికి పెట్టుకునే ఖాతా) మార్పించాల. ఆడి జీతం వేసుకోను ఎన్ఆర్ఈ ఖాతా వేరేగా తెరవాల, దాని వడ్డీకి ఈడ పన్ను లేదు. హుండీలో (బ్యాంకు లేకుండా చాటుగా లెక్క పంపే దారి) రెండు రూపాయలు ఎక్కువ వస్తాదని ఆశపడితే రుజువు అనేదే ఉండదు. పైన అక్క చెప్పిన రసీదు సంగతి గుర్తుందా, అది ఎక్స్ఛేంజ్‌లో పంపితేనే దొరుకుతాది.

పెన్నా_గట్టు:
చాలా వివరంగా చెప్పినారు, సంతోషం. మౌల్వీసాబు దగ్గర రెండు కాగితాలూ చదివించినాం. 20ది "సాయిఖ్ మంజిల్" అని సరిగ్గానే ఉంది. 18దాంట్లో స్టోర్ కీపర్ అని లేదు, "ఆమిల్" అని ఉంది. జీతం కూడా ఏజెంటు చెప్పింది 140, కాగితంలో 75. ఏజెంటు "అందరికీ అట్లనే వేస్తారు, ఆడికి పోయినాక మారుస్తారు" అంటాడు.

లెక్కల_మాస్టారు:
75 మీద వేస్తే మొదటి ఐదేళ్లకు వచ్చేది 216 దినార్ల చిల్లర. 140 మీద అయితే 403 దాటుతుంది. ఓవర్‌టైమ్ కూడా ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. కంపెనీ నుంచి కొత్త ఆఫర్ లెటర్ అడగండి: పని పేరు, 140 జీతం, వసతి, ఎనిమిది గంటలు, కంపెనీ ముద్ర, సంతకం. వర్క్ పర్మిట్‌లో కూడా అదే ఉండాలి.

ఇరవయ్యో_నంబరు:
పోయినాక మారుస్తాం అనేవాళ్లు ఈడనే మార్చొచ్చు, వాళ్ల మందూబ్‌కు అది పోర్టల్‌లో చేసే పని. మార్చిన పర్మిట్ కాపీ వచ్చేదాకా 18 ఆయన పాస్‌పోర్టు స్టాంపింగ్‌కు ఇయ్యొద్దు. ఇప్పటికే ఇచ్చింటే రాతపూర్వకంగా వెనక్కి అడగండి, వాట్సాప్‌లో అయినా సరే. 20 ఆయనది ఈ-మైగ్రేట్‌లో ఎక్కిందా చూసినారా? సైట్‌లో కాంట్రాక్ట్ జీతం ఎంతుందో ఈడ పెట్టు, చూద్దాం.